మాబున్ని అక్కతో రింగు ఆట

మొన్న కర్నూలులో ఆట సామాన్ల కొట్టు ముందు నిలబడితే, ఎండకు వేడెక్కిన రబ్బరు వాసన వచ్చింది. పత్తికొండలో మా పక్కింటి మాబున్ని అక్క గుర్తొచ్చింది. ఆమె బట్టలు కుట్టేది. సాయంత్రం మిషను మూసి, ఇంటి పక్క ఖాళీ జాగాలో తాడు కట్టి, ఎవరు దొరికితే వాళ్లతో రబ్బరు రింగు ఆడేది.

అప్పుడు నేను పదో తరగతి. మాది కిరాణా అంగడి. బడి నుంచి రాగానే నాన్న పక్కన కూర్చుని మిక్చరు, బిస్కెట్లు తినేదాన్ని. ఒళ్లు పెరిగింది. మెడ వెనక నల్లటి చార పడింది. మురికనుకుని అమ్మ శనగపిండితో, తర్వాత పీచుతో రుద్దేది. తోలు మండేది గాని నలుపు పోయేది కాదు. తరగతిలో వెనక బెంచీవాళ్లు నేను స్నానం చేయననుకునేవారు. జడ వదులుగా వేసుకుని కప్పుకునేదాన్ని.

చివరికి నాన్న ఆస్పత్రికి తీసుకుపోయాడు. డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, అది మురికి కాదంది. ఒంట్లో చక్కెర అదుపు తప్పబోతోందని, తిండి మార్చి, రోజూ చెమట పట్టేలా ఆడితే చాలావరకు సర్దుకుంటుందని చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాన్న మెల్లగా, "ఈ మాట యాడా అనొద్దు పాపా. రేపు సంబంధాలకు అడ్డమొస్తాది" అన్నాడు. అంతవరకు మెడ ఒక్కటే దాచుకున్నాను. ఆ రోజు నుంచి నన్ను నేనే దాచుకోవాలనిపించింది.

అక్క పిలిస్తే ఒక సాయంత్రం వెళ్లాను. రింగు కోసం పరిగెత్తి బోర్లా పడ్డాను. రోడ్డు మీద బండి ఆపి చూస్తున్నవాళ్లు నవ్వారు. ఇంట్లోకి పోయి గడియ పెట్టుకున్నాను.

మరునాడు ఆమే వచ్చింది. "రాలేదేమి పాపా?"

"నేను పరిగెత్తితే అందరూ నగుతారక్కా."

ఆమె చున్నీ తీసి మెడ చూపించింది. అదే నలుపు. "నీ ఈడులోనే వచ్చె నాకు. జనం చూస్తారని ఇంట్లో కూచుంటి. ఇప్పుడు చక్కెరకు మాత్రలు మింగుతాండా."

ఆమెకు ముందే తెలుసని అర్థమై తల దించుకున్నాను. అయినా, "నాకేం లేదక్కా, వేడి చేసిందంతే" అన్నాను.

"సరే. వేడికైనా ఆడొచ్చు. రా."

వెళ్లాను. ఆ ఏడాదంతా వెళ్లాను. ఆయాసం తగ్గింది, మళ్లీ చేయించిన రక్తపరీక్ష బాగా వచ్చింది. ఆ మాట నేను చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఇప్పుడు మా కాలనీ ఆడవాళ్లతో షటిల్ ఆడతాను. ఆటకు దిగేముందు ఎవరు చూస్తున్నారోనని ఇప్పటికీ చుట్టూ చూస్తాను. సిగ్గు పోయాక ఆడదామనుకుని ఉంటే ఇంట్లోనే ఉండిపోయేదాన్ని. సిగ్గుతోనే దిగుతాను.