పసుపూ కుంకుమా కలిసిన రెక్కలు

పక్కనున్న పిల్లవాడికి అమ్మవారు పోసిందని తెలిసేసరికి నాకు జరగడానికి జాగా లేదు. అరవైల మొదట్లో మాట, జడ్చర్ల బస్సు షెడ్డు కిక్కిరిసి ఉంది. వాడి తల్లి వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని వేపమండలు కప్పింది. నా ఒళ్ళో నెలల పాప.

ఎక్కణ్ణుంచో ఒక సీతాకోకచిలుక వచ్చి ఆ మండల మీద వాలింది. రెక్కలు విప్పితే నా అరచేయంత ఉంది. పసుపూ కుంకుమా కలిపినట్టు నారింజ రంగు. నల్లటి అంచు, అందులో పొక్కుల్లాంటి తెల్లచుక్కలు.

"అమ్మోరే వచ్చింది," అని ఆమె దండం పెట్టింది.

అంతలో అది లేచి మా పాప నుదుటి మీద వాలింది. నాకు దాన్ని తోలడానికి చేయి రాలేదు.

ఆమె మెల్లగా వేలు చాపి దాన్ని ఎక్కించుకుంది.

"అమ్మోరిని పొలిమేర దాటియ్యుమన్నరు మా ఊరోళ్ళు. దాటిస్తే ఇంకో పిల్లగాని మీదికే గదక్కా పోయేది," అంటూ మళ్ళీ తన కొడుకు మీదే దించుకుంది.

మా పాపకు ఏమీ కాలేదు. ఆ పిల్లవాడి సంగతి తెలియదు.

ఇప్పటికీ పెరటి జిల్లేడు మీద ఆ రెక్కలు కనబడితే మనవరాలిని ఎత్తుకుని లోపలికి వచ్చి తలుపు వేస్తాను. ఆమె అయితే వేలు చాపేది.