మార్కరు ఓడిన ఆటలు

పోయినవాటిని ముందు రాసుకోవడం నాకు అలవాటు. ఇరవై ఏళ్ల కిందట ఏలూరులో, ఒక టెన్నిస్ క్లబ్బులో, ఆదివారం పొద్దున ఏడుంబావుకి మొదలై తొమ్మిదిన్నర దాటాక సగంలో ఆగిపోయిన ఒక ఆటతో పోయినవి ఇవి: అంతకుముందు మూడేళ్లలో గెలిచామని మెంబర్లు అనుకున్న రెండు వందల నలభై ఏడు సెట్లు, వాటిలో మగవాళ్లవి నూట తొంభై నాలుగు, ఆడవాళ్లవి యాభై మూడు, ఒక ఉద్యోగం, వట్లూరు అమ్మాయి ఒకామెకు రావలసిన కాలేజీ సీటు, నేను లెక్క తప్పని మనిషినన్న నమ్మకం, మా పిన్ని బిడ్డ నన్ను అన్నయ్యా అని పిలవడం. చివరి రెండింటికీ ఏ అంకె వెయ్యాలో తెలియక ఒక్కొక్కటిగానే రాసుకున్నాను.

ఈ లెక్క మళ్లీ తీయడానికి కారణం మొన్నటి మధ్యాహ్నం. తాడేపల్లిగూడెంలో నేను పనిచేసే రైస్ మిల్లు వేబ్రిడ్జి గదిలో, లారీలు లేని వేళ, మా అకౌంటెంటు ఫోన్‌లో ఒక చర్చ పెట్టుకుని చూస్తున్నాడు. మగపిల్లలుగా పుట్టి ఆడవాళ్లుగా బతుకుతున్నవారిని ఆడవాళ్ల టెన్నిస్‌లో ఆడనివ్వాలా వద్దా అని నలుగురు వాదించుకుంటున్నారు. ఒకాయన ఎముకల బలం అంటాడు, ఒకావిడ హక్కు అంటుంది, ఇంకొకావిడ మరి మా ఆడపిల్లల సంగతేమిటి అంటుంది, అందరి ముందూ కాగితాలు, కాగితాల నిండా అంకెలు. మీరు ఒకప్పుడు టెన్నిస్ స్కోరు రాసేవారట కదండీ, మీరేమంటారు అని మా అకౌంటెంటు మామూలుగానే అడిగాడు. లారీ వచ్చినట్టుందని చెప్పి లేచి బయటికి వచ్చాను. లారీ ఏదీ రాలేదు. కాటా ప్లేటు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగుసార్లు నడిచాను. లోపల బరువు చూపించే అంకెల డబ్బాలో నా డెబ్భై కిలోలు కనబడుతూనే ఉండి ఉంటాయి. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లగానే, కాళ్లు కడుక్కోకుండానే, అటక మీద నుంచి పాత స్కోరు పుస్తకం దింపాను.

నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. కూడికలు బడిలో కంటే బస్తాల దగ్గర ఎక్కువ నేర్చుకున్నాను. ఒకసారి మిల్లు పని మీద ఆ క్లబ్బుకు వెళ్లి, సెక్రటరీ గారు ఆట చూస్తున్నారంటే నేనూ పక్కన నిలబడి చూశాను; పదిహేను, ముప్పై అయ్యాక నలభై ఐదు రావలసిన చోట నలభై ఎందుకు వచ్చిందో ఎంతకీ అంతుపట్టక, రైలెక్కాక కూడా అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. మరుసటి వారం వెళ్లి అడిగాను, ఎవరికీ తెలియదు. అలా మొదలైన పిచ్చి, ప్రతి ఆదివారం తెల్లవారుజామున పాసింజరు ఎక్కి గూడెం నుంచి ఏలూరు వెళ్లి, ఎత్తు కుర్చీ ఎక్కి, మెంబర్ల ఆటలన్నీ పాయింటు పాయింటుకీ గళ్ల పుస్తకంలో రాసేదాకా వచ్చింది. నేను మెంబరును కాను, నాకు రాకెట్టు పట్టుకోవడం కూడా రాదు. కానీ ఎవరు ఎవరి మీద ఎన్నిసార్లు గెలిచారో అడిగితే పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా నా వైపే తిరిగేవారు, ఆ తిరగడం నాకు బాగుండేది.

మా పిన్ని వాళ్లది కొల్లేటికోట. చేపల చెరువుల మీద కూలి చేసుకునేవాళ్లు. వాళ్ల బిడ్డను ఆ క్లబ్బులో పెట్టించినది నేనే. మగపిల్లవాడుగా పుట్టి, అలాగే వచ్చి పనిలో చేరి, ఇరవై దాటాక జుట్టు పెంచి, సల్వార్ వేసుకుని, ఇకనుంచి ఇలాగే ఉంటానని మెల్లగానే అయినా గట్టిగా చెప్పింది. అప్పట్లో అలాంటివారి గురించి మర్యాదగా చెప్పుకునే మాట మాకు తెలియదు, తెలిసిన మాటలు ఇక్కడ రాయను. ఏడాదిపాటు నేను తన వంక సరిగ్గా చూడలేదు, పేరు పెట్టి పిలవలేదు. స్కోరు మాత్రం రాస్తూనే ఉన్నాను.

తన ఉద్యోగం మార్కరు. మెంబర్లకు జోడీ దొరకనప్పుడు ఎదురుగా నిలబడి ఆడడానికి క్లబ్బు జీతమిచ్చి పెట్టుకునే మనిషిని అలా అంటారు. పొద్దున్నే మట్టి కోర్టుకు నీళ్లు కొట్టి, రోలరు లాగి, సున్నంతో గీతలు గీసి, నెట్టు కట్టి, ఆపైన ఆడాలి. పుట్టినప్పటి నుంచీ కొల్లేట్లో తాటిదోనె మీద నిలబడి తెడ్డు వేసిన కాళ్లు కాబట్టి తన కాళ్లకు తొట్రుపాటు తెలియదు. బంతి ఎటు కొట్టినా తిరిగి మెంబరు రాకెట్టు ఎక్కడ ఉందో అక్కడికే వచ్చేది. ఆడవాళ్లు మిగతా ఎవరితో కంటే తనతో ఆడడానికే ఇష్టపడేవారు. సల్వార్ వేసుకున్నాక రెండు మూడు వారాలు గుసగుసలు నడిచాయి గాని, ఇంకో మార్కరు ఎక్కడ దొరుకుతాడులే అని క్లబ్బు సర్దుకుంది.

కొల్లేరులో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టేసిన వేసవి అది. పిన్ని వాళ్ల కూలి పోయి, ఇల్లు తన జీతం మీదే నడుస్తోంది. సరిగ్గా అప్పుడే క్లబ్బులో ఆడవాళ్ల సింగిల్స్ పోటీ పెట్టారు, గెలిచిన అమ్మాయిని జిల్లా తరఫున పంపుతామన్నారు. ఏడు పేర్లు వచ్చాయి. ఏడంటే ఎనిమిది గళ్ల డ్రా పట్టికలో ఒక గడి ఖాళీ. ఎనిమిదో పేరుగా తను తన పేరు రాసింది.

కమిటీ ఆ సాయంత్రమే కూర్చుంది, ఆదివారం కాకపోయినా మిల్లుకు ఫోను చేసి పుస్తకంతో నన్నూ రమ్మంది. ఆ తరవాత టీవీల్లో ఎన్ని వాదనలు విన్నానో గాని, ఆ రోజు మా క్లబ్బు వరండాలో అననిది ఎవరూ కొత్తగా అనలేదు. డాక్టరు గారు ఎముకలన్నారు, తను వాడే మందుల వల్ల బలం తగ్గుతుందని ఆయనే మళ్లీ అన్నారు. పోటీకి పేరిచ్చిన వట్లూరు అమ్మాయి తండ్రి, మిషన్ స్కూల్లో మేష్టారు, చాలా మెత్తగా, ఎవరినీ నొప్పించకుండా, మా అమ్మాయికి జిల్లా సర్టిఫికెట్ వస్తే స్పోర్ట్స్ కోటాలో సీటొస్తుందండీ, నాలుగేళ్లుగా తెల్లవారకముందే సైకిల్ మీద వస్తోందండీ, అది కూడా కాస్త చూడండీ అన్నారు. అప్పుడు సెక్రటరీ గారు నా వైపు తిరిగి, మీ పుస్తకం ఏమంటోందండీ అని అడిగారు.

నేను లేచి నిలబడి చదివాను. ఆడ మెంబర్ల మీద మార్కరు ఆడిన సెట్లు అరవై రెండు, గెలిచినవి తొమ్మిది. ఒక్క వట్లూరు అమ్మాయి మీదే పదకొండు ఆడి పదకొండూ ఓడింది. బలం ఎక్కువైతే ఇన్ని ఓడుతుందా అండీ అన్నాను. వరండా అంతా తేలికపడింది. మేష్టారు కూడా తల ఊపారు. అంకెలతో ఒక తగువు తీర్చానన్న సంతోషం నాకు అంత ఎక్కువగా మరెప్పుడూ కలగలేదు.

బయటికి వస్తుంటే రోలరు దగ్గర తను నిలబడి ఉంది.

"ఆ పుస్తకం ఎందుకు చూపించారన్నయ్యా? అవి నా ఆటలు కావండి. డ్యూటీ."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది, మార్కరుకు మొదటి రోజే పాత మార్కర్లు నేర్పే సంగతి అదేనట: మెంబరును ఓడించకూడదు. నాలుగు నాలుగు దాకా లాగి, ఆపైన వదిలెయ్యాలి. మరి ఆ గెలిచిన తొమ్మిదో అని అడిగాను. ప్రతిసారీ మెంబర్లే గెలిస్తే వాళ్లకు అనుమానం వస్తుంది కదండీ అంది. అంకె అబద్ధం చెప్పదని నేనెప్పుడూ అనే మాట మళ్లీ అన్నాను.

"అంకె చెప్పలేదండి, నేను చెప్పాను. ఒక్క ఆట నా చేతికి ఎంత వస్తే అంతా ఆడాలని ఉంది. ఓడినా పరవాలేదు, నిజంగా ఓడాలి."

లారీ ఖాళీ బరువు తియ్యకుండా ధాన్యం బరువు రాస్తే ఏమవుతుందో నాకంటే తెలిసినవాళ్లు గూడెంలో లేరు. మూడేళ్లపాటు నేను రాసింది అదే. అది శుక్రవారం. శనివారమైనా సెక్రటరీ గారికి ఆ మాట చెప్పవచ్చు. చెబితే తన పేరు కొట్టేస్తారు, నా పుస్తకమూ చిత్తుకాగితమవుతుంది. తన కోసమే ఊరుకున్నానని అప్పుడు అనుకున్నాను. ఆ రెండో కారణం కూడా ఉందని చాలా ఏళ్లకు గాని ఒప్పుకోలేదు.

చీట్లు తీస్తే మొదటి ఆటే తనకూ వట్లూరు అమ్మాయికీ పడింది. ఆదివారం మొదటి సెట్టు ఆరు-ఒకటి, ఇరవై మూడు నిమిషాలు. తను అలా కొట్టడం ఎవరూ చూడలేదు. తను గీసిన సున్నం గీతల మీదే బంతి పడి తెల్లగా దుమ్ము లేచింది. బెంచీల మీద అందరూ నా వైపు చూశారు. నేను పుస్తకంలోకి తల దించి గళ్లు నింపుతూ పోయాను. రెండో సెట్టులో బంతులు మళ్లీ ఆ అమ్మాయి రాకెట్టు దగ్గరికే రావడం మొదలైంది. ఇంటి దగ్గర ఆగిపోయిన కూలి గుర్తొచ్చిందో, బెంచీల మీది చూపులకు భయపడిందో, లేక చేతికి పాత అలవాటే వచ్చిందో తెలియదు. నాలుగు-ఆరుతో ఆ సెట్టు పోయింది. అప్పుడు వట్లూరు అమ్మాయి నెట్టు దాకా నడిచి వచ్చింది. పైన కూర్చున్న నాకూ, ఎదురుగా ఉన్న తనకూ తప్ప ఆ మాట ఎవరికీ వినబడి ఉండదు.

"అక్కా, మీరు వదిలేస్తున్నారు. ఇలా వచ్చిన సీటు నాకొద్దు. ఆడండి."

మూడో సెట్టులో ఇద్దరూ వదల్లేదు. తనకు ఆయాసం వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుంటోంది, ఆ అమ్మాయికి మోకాలు చీరుకుపోయింది. ఒకటి-ఒకటి, రెండు-రెండు, అలా ఐదు-ఐదు దాకా వచ్చింది. ఆ అమ్మాయి సర్వీసు. ముప్పై-పదిహేను మీద పొడుగాటి ఆట నడిచి పాయింటు తనకు వచ్చింది. నేను స్కోరు చెప్పబోతుండగా బెంచీల మీద నుంచి కేక వినబడింది.

లేచినది మేష్టారు కాదు. ఎముకల మాట ఎత్తినవాళ్లూ కాదు. రిటైర్డ్ ఇంజనీరు గారు. ఆదివారం ఆదివారం మార్కరును ఓడించి ఇంటికి వెళ్లి టిఫిన్ చేసే మనిషి. ఆయన గెలుపులు నా పుస్తకంలో ముప్పై ఎనిమిది. అంటే నా మీద కూడా వదిలిందా అని అడిగారు. ఆ ప్రశ్న బెంచీ బెంచీకీ పాకింది. అప్పటిదాకా సందేహం ఒక్క ఆట మీదే ఉండేది, ఇప్పుడు ప్రతివాళ్లకూ తమ తమ గెలుపుల మీద పుట్టింది. మూడేళ్లుగా మోసం చేసిందన్నారు. మోసం అంటే తాము ఓడకుండా చూడడమేనని ఎవరికీ తట్టలేదు. సెక్రటరీ గారు కోర్టులోకి వచ్చి ఆట ఆపి, తలెత్తి, ఈ సంగతి మీకు తెలుసాండీ అని నన్ను అడిగారు.

"తెలియదండి. నాకు చూపించిన ఆటే నేను రాశాను."

నా జన్మలో తెలిసి చెప్పిన తప్పు లెక్క అదొక్కటే. తను అవతలి గీత దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. కోపం లేదు. "స్కోరు చెప్పండన్నయ్యా" అని మాత్రం అంది. నేను చెప్పలేదు. తను కోర్టంతా తిరిగి ఆరు బంతులూ ఏరి, డబ్బాలో వేసి, డబ్బా నెట్టు స్తంభం పక్కన పెట్టి, తాళాలు దాని మీద పెట్టి వెళ్లిపోయింది.

జిల్లాకు వట్లూరు అమ్మాయిని పంపుతామన్నారు; ఆట పూర్తి కాలేదు కదండీ అని ఆ అమ్మాయే ఒప్పుకోలేదు, వేరే అమ్మాయి వెళ్లింది. మా పిన్ని బిడ్డ ఏదో ఊళ్లో పిల్లలకు ఆట నేర్పుతోందని పిన్ని పోయేముందు చెప్పింది. నంబరు కూడా ఇచ్చింది. పది అంకెలు, కంఠతా వచ్చు. ఒక్కసారీ కలపలేదు.

ఇప్పుడు ఆ క్లబ్బులో మట్టి లేదు, సిమెంటు మీద పచ్చరంగు వేశారు. మార్కరు కూడా లేడు, బంతులు విసిరే మిషను ఉంది. దానికి ఓడడం తెలియదు కాబట్టి మెంబర్లకు గెలవడమూ లేదు. ఇక మా అకౌంటెంటు అడిగినదానికి జవాబు: ఆరు-ఒకటి, నాలుగు-ఆరు, ఐదు-ఐదు, ఈ మూడింటిలో ఏది ఖాళీ బరువు తీసేసిన అసలు బరువో నాకు తెలియదు. ఆట పూర్తయి ఉంటే కొంత తెలిసేది. ఆపడం తప్ప మాకేమీ తోచలేదు. ఫోన్‌లో ఆ నలుగురు ఇంత గట్టిగా ఎలా చెప్పగలుగుతున్నారో అనిపిస్తుంది, మళ్లీ నేనూ ఒకప్పుడు వరండాలో అలాగే లేచి నిలబడి చదివినవాణ్ణే కదా అనిపిస్తుంది.

రెండేళ్ల కిందట ఏలూరు స్టేషన్ ప్లాట్‌ఫారం మీద ఒకావిడ నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టింది. వట్లూరు అమ్మాయి. బడిలో లెక్కల టీచరట. క్షేమసమాచారాలు అయ్యాక, రైలు కనబడుతున్నప్పుడు, మన స్కోరు ఎంత దగ్గర ఆగిందండీ అని అడిగింది. ఐదు ఐదు, థర్టీ ఆల్ అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. నా సర్వీసే కదండీ అని నవ్వి, అక్క ఎక్కడున్నారో తెలుసా అంది. రైలు వచ్చింది, జవాబు చెప్పకుండా ఎక్కేశాను.

పుస్తకంలో ఆ పేజీ ఇంకా మూయలేదు, కింద గీత గియ్యలేదు. ముప్పై-ముప్పై నుంచి ఆ గేము తేలడానికి రెండు, ఆ తరవాతి గేముకు నాలుగు. ఎవరు గెలిచినా సరే, తక్కువలో తక్కువ ఆరు పాయింట్లు బాకీ.