నాలుగో చరణం

గుప్పెడు సీసం. ఆ రెండు లైన్ల బరువు అంతే. ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

నరసరావుపేటలో ఒక చిన్న ప్రెస్సులో కంపోజిటరుగా ఉండేవాణ్ణి. సీసపు అక్షరం పక్కన అక్షరం పేర్చి లైను కట్టడం, ప్రూఫులో తప్పు పడితే చిమటాతో ఆ లైను విప్పి మళ్ళీ కట్టడం, అదే నా పని. ముప్పాళ్ళ దగ్గర మిషన్ బడిలో చెప్పే సుగుణమ్మ టీచర్, తను రాసిన కీర్తనలు పుస్తకంగా వేయించడానికి మా దగ్గరికి వచ్చింది. ప్రూఫులు దిద్దడానికి నాలుగు శనివారాలు వచ్చింది. నా పక్కన స్టూలు మీద కూర్చుని, వేలితో లైను లైనూ చూపిస్తూ, చదువుతూ చదువుతూ సన్నగా పాడేది. నన్ను తమ్ముడూ అనేది. ఆ పిలుపు ముల్లులా గుచ్చుకునేది, అయినా మళ్ళీ పిలిస్తే బాగుండుననిపించేది. ప్రేమించాను. ఆ మాట అప్పుడు నాకు నేను కూడా చెప్పుకోలేదు.

ఆఖరి కీర్తనలో నాలుగో చరణం దగ్గర మాత్రం పాడటం ఆపి, వేలితో ఊరికే చూపించేది. ఆమె భర్త కోపం చేసుకుని, కృష్ణ మీద కడుతున్న డ్యాం పనికి పోయి మూడేళ్ళయింది. ఉత్తరం లేదు, అడ్రసు లేదు. కూలీల క్యాంపుల్లో ప్రార్థన కూటాలు జరుగుతాయి, అక్కడికి పుస్తకాలు పంపితే ఏదో ఒకటి ఆయన చేతికి పోతుందని ఆమె ఆశ. పుస్తకం వేయించిందే ఆ చరణంలోని రెండు లైన్ల కోసం. ఆ సంగతి ఆమె నోటనే విన్నాను. విని కూడా చేశాను.

ఆఖరి ప్రూఫు మీద సంతకం పెట్టి ఆమె వెళ్ళింది. పేజీ మిషనెక్కే ముందు ఆ రెండు లైన్లూ విప్పాను. అక్షరాల పెట్టెలో దేని గడిలో దాన్ని వేసేశాను. మిగతా లైన్ల మధ్య సీసపు రేకులు జరిపి ఖాళీ తెలియకుండా సర్దాను. ఎందుకు చేశాను? ఆయన రాకపోతే ఆమె నాదవుతుందనా? అంత పిచ్చివాణ్ణి కాను. అంత ఎదురుచూపూ ఎవరో వదిలేసిపోయినవాడి కోసం అని ఒళ్ళు మండింది. అదీ నిజం.

ఆమె చెప్పి ఉంచినట్టే క్యాంపుల పార్సిళ్ళు ప్రెస్సు నుంచే వెళ్ళిపోయాయి. మిగిలినవి తీసుకుపోవడానికి వచ్చిన రోజు, ముందుగా ఆఖరి పేజీ తెరిచింది.

"తమ్ముడూ, నాలుగో చరణం ఏది?"

"మిషనెక్కించేసరికి పేజీలో పట్టలేదండీ. తీసేశాం."

మూడో చరణం కింద వేలు పెట్టింది.

"ఒక్కమాట చెప్పుంటే తక్కిన పాటలన్నీ తీసెయ్యమనేదాన్ని గదయ్యా," అంది.

తమ్ముడూ అనలేదు. మళ్ళీ ఎప్పుడూ ప్రెస్సుకు రాలేదు.

కొన్నేళ్ళ తర్వాత మాచర్లలో బస్సు కోసం కూర్చుంటే, డ్యాం దగ్గర పనిచేసి వచ్చిన ఒక తాపీమేస్త్రీ కలిశాడు. మాటల్లో, తనతో ఒకే క్యాంపులో ఉన్న టీచరమ్మ పెనిమిటి సంగతి వచ్చింది. పుస్తకం ఆయనకు అందిందట. అట్ట మీద ఆమె పేరు చూసి, మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివాడట. తన మాట ఎక్కడా లేదని పెట్టెలో పడేశాడట. ఆ తర్వాత ఎటు పోయాడో తెలియదన్నాడు.

ఆ రోజైనా ముప్పాళ్ళ పోయి ఆమెకు నిజం చెప్పాల్సింది. ఇంటికి పోయాను. ఆమె ఇప్పుడు లేదు. చర్చీల్లో ఆ పాట ఇప్పటికీ మూడు చరణాలతోనే పాడుతున్నారు. వింటుంటే ఆమె ఇంకా నా పక్కన స్టూలు మీదే ఉన్నట్టుంటుంది. ఒక్క శనివారం తిరిగొస్తే చాలుననిపిస్తుంది. వస్తే మాత్రం, ఏ మొహం పెట్టుకుని చూడను?

క్షమించమని అడగను. అడగాల్సినవాళ్ళు లేరు. ఆమె రాసిన కాగితం నా దగ్గరే ఉండిపోయింది. అందులో ఉన్నట్టే ఇక్కడ దించుతున్నాను.

ఏరు దాటి పోయినోణ్ణి ఎక్కడున్నా కాయవయ్యా
తలుపు నేను వెయ్యలేదు, తోవ చూపి పంపవయ్యా

రాశాక చెయ్యి కాస్త తేలికైంది. పేజీలో పట్టిందండీ, టీచరమ్మగారూ. అప్పుడూ పట్టింది.