గుమ్మం వెలుతురు

నిడదవోలు బజారులో జాకెట్టు గుడ్డలమ్మే మీనాకుమారి మ్యాచింగ్ సెంటరుకి వచ్చినవాళ్లు చీర కౌంటరు మీద పెట్టి ఊరుకుంటే చాలు. ఆమె కొంగు పట్టుకుని గుమ్మంలోకి వెళ్లి, వెలుతురులో ఒక్కసారి చూసి, వెనక్కొచ్చి సరిగ్గా ఆ రంగు గుడ్డ తానునే లాగేది. సరిపోయిందా అని ఎవర్నీ అడిగి ఎరగదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు వచ్చాక ఆ కాస్త దూరానికీ గోడ పట్టుకోవాల్సి వస్తోంది. ఎండ తగిలితే కాళ్లు బరువెక్కి, చూపు మసకబారుతోంది. అన్ని రంగుల్లోకీ ఎరుపే, ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలా కనిపిస్తోంది.

ఆవేళ బుల్లెమ్మగారు కూతురి పెళ్లికని కుంకుమరంగు పట్టుచీర తెచ్చారు. మీనాకుమారి గుమ్మంలో చాలాసేపు నిలబడింది. లోపలికొచ్చి ఒక తాను లాగి, తడుముకుంటూ ముక్క కోసింది. అంచు వంకరపోయింది. "సరిపోయిందాండీ?" అంది. బుల్లెమ్మగారు, వెనక అరల దగ్గరున్న మీనాకుమారి భర్త సత్తిరాజు కేసి ఒకసారి చూసి, "నీ చెయ్యి పడ్డాక సరిపోకేమమ్మా!" అన్నారు. ఆవిడ మెట్లు దిగగానే వెనక సత్తిరాజు చేతిలో కత్తెర చప్పుడైంది. టీ చెప్పొస్తానంటూ గబగబా ఆవిడ వెళ్లినవైపే వెళ్లాడు. సాయంత్రం అర సర్దుతుంటే అడుగున ఓ మడత మీనాకుమారి చేతికి తగిలింది. అంచు తడిమి చూసింది. తను కోసిన ముక్కలాగే వంకరగా ఉంది. దాన్ని మళ్లీ అక్కడికే తోసేసి, "ఏవండీ, రేపట్నుంచి చీర పట్టుకుని మీరే గుమ్మంలోకి వెళ్లండి, నాకు ఎండ పడటం లేదు" అంది.