పాయగట్టు విల్లాల సెక్రటరీ

రాజోలు దాటి సముద్రం వైపు పోతుంటే, గోదారి పాయ ఒడ్డున కొబ్బరితోటల మధ్య ముప్పైరెండు తెల్లటి ఇళ్ళు కనిపిస్తాయి. వాటిని పాయగట్టు విల్లాలంటారు. సెలవులొస్తే అక్కడ కారు పెట్టుకోవడానికి చోటు దొరకదు. సెలవులైపోతే నాలుగిళ్ళల్లో దీపం వెలుగుతుంది. ఆ నాలుగింటిలో ఒకటి తాతబ్బాయిది.

విల్లా కొనుక్కునే తాహతు అతనికి ఏ జన్మలోనూ లేదు. కాలవ లాకుల దగ్గర ముప్పైనాలుగేళ్ళు లస్కరుగా పనిచేసి రిటైరయ్యాడు. పైనుంచి కబురొస్తే తలుపులెత్తాలి, కబురొస్తే దించాలి. అంతే ఉద్యోగం. విల్లాలు కట్టినవాళ్ళకి అతని తాతల నాటి నలభై సెంట్ల తోట అడ్డం వచ్చింది. తోట ఇచ్చినందుకు ఒక ఇల్లు ఇచ్చారు. తాతబ్బాయి పెట్టిన షరతు ఒక్కటే. తోటలో బావి పూడ్చకూడదు, వెనకనున్న పేట వాళ్ళు ఎప్పట్లాగే వచ్చి తోడుకోవాలి. ఆ చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. ఆ బావిలోవి ఒక్కటే తియ్యటి నీళ్ళు. పేటలో నలభై ఇళ్ళు వాటిమీదే బతికేవి.

ఇళ్ళవాళ్ళంతా సంఘం పెట్టుకున్న రోజున సెక్రటరీ ఎవరన్న ప్రశ్న వచ్చింది. హైదరాబాదు నుంచి ఒకరు, విశాఖపట్నం నుంచి ఒకరు, అందరూ సాయంత్రానికి వెళ్ళిపోయేవాళ్ళే. "తాతబ్బాయి గారు ఎప్పుడూ ఇక్కడే ఉంటారు కదండీ" అని తలో మాటా అని అతని మెడకి కట్టేశారు. ఇంటికొచ్చి చెబితే భార్య పద్మావతి, "జీతం లేని లస్కరన్నమాట" అంది. ఆవిడ నోట్లో నిజం ఆగదు.

మొదటి ఏడాది మాత్రం తాతబ్బాయి బాగానే నెట్టుకొచ్చాడు. వీధి దీపాలు వేయించాడు. మురికికాలవలో పూడిక తీయించాడు. ఎవరింటి ముందు చెత్త వాళ్ళే తొట్టెలో వేసేలా, బతిమాలి బామాలి అలవాటు చేశాడు. దారులూడ్చడానికి పేట నుంచి సలోమి వచ్చేది. పని అయ్యాక బావిలో రెండు బిందెలు తోడుకుని, "వస్తానండి బాబాయిగారూ" అని చెప్పి మరీ వెళ్ళేది. ఆ ఏడాదంతా తాతబ్బాయికి తానూ ఒక మనిషినని అనిపించింది.

చిక్కల్లా ప్రెసిడెంటు దగ్గర వచ్చింది. ప్రెసిడెంటు శ్యామ్ బాబు గారు ఒకప్పుడు కాలవల శాఖలో పెద్ద ఇంజినీరు. ఆయన జీపు లాకుల దగ్గర ఆగితే తాతబ్బాయి చెప్పులు విడిచి నిలబడేవాడు. ఇప్పుడు ఇద్దరూ ఒకే సంఘంలో సభ్యులు. శ్యామ్ బాబు గారు మర్యాదస్తులు, "రండి సెక్రటరీ గారూ" అని పక్క కుర్చీ చూపించేవారు. తాతబ్బాయి దాని అంచుమీద కూర్చునేవాడు. హోదా వచ్చింది గానీ నడుం నిటారు కాలేదు.

రెండో ఏడాది మీటింగులో, నెలనెలా కట్టే మెయింటెనెన్సు పెంచొద్దని అందరూ పట్టుబట్టారు. దారి చూపించింది శ్యామ్ బాబు గారే. వెనకాల పార్కు కోసమని ఖాళీగా వదిలేసిన ఎకరన్నర రొయ్యల చెరువుకి లీజుకిస్తే సరిపోతుందన్నారు. రాజబాబు అనే ఆసామీ అప్పటికే సిద్ధంగా ఉన్నాడు.

"పాయలోంచి ఉప్పునీరు పెడతారు, నిజమే. అడుగున ప్లాస్టిక్ షీటు వేయిస్తాం. చుక్క దిగదు. ఏమంటారు సెక్రటరీ గారూ?"

తాతబ్బాయికి తెలుసు. లాకుల కింద సత్తియ్య చేలో ఇలాగే షీటు వేసి చెరువు తవ్వారు. పీతలు బొరియలు పెట్టాయి, షీటు చిరిగింది. రెండో వేసవికి పక్కనున్న బావి నోట పెట్టలేకుండా పోయింది, అయిదో ఏటికి కొబ్బరిచెట్లు మొండేలై మిగిలాయి. ఇదంతా తాతబ్బాయి కళ్ళారా చూశాడు. చెప్పడానికి లేచి నిలబడ్డాడు కూడా. అందరూ అతనివైపు చూశారు. శ్యామ్ బాబు గారు కళ్ళజోడు తీసి చూశారు. ఆ చూపుకి ముప్పైనాలుగేళ్ళ అలవాటు ఒక్కసారి వచ్చి అతని గొంతుమీద కూర్చుంది.

"ఆయ్. మీరు చూసుకుంటే ఇంకేముందండి" అన్నాడు.

మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్ళ సామెత ఒకటుంది. నలుగురిలో చెప్పుకునేది కాదు గానీ, అచ్చంగా అదే జరిగింది. లీజు కాగితం మీద సెక్రటరీ సంతకం పడింది.

మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం పద్మావతి వంటింట్లోంచి, "పప్పు ఉడకట్లేదేవిటండీ, ఎసట్లో వేసి గంటయ్యింది" అంది. తాతబ్బాయి వెళ్ళి కుండలో నీళ్ళు పుక్కిట పట్టాడు. నాలిక చివర ఉప్పు చిన్నగా చురుక్కుమంది. పద్మావతికి ఏమీ చెప్పకుండా పెరట్లోకి వెళ్ళి అరుగుమీద కూలబడ్డాడు. ఇంత త్వరగా వస్తుందని అతననుకోలేదు. వస్తుందని మాత్రం తెలుసు.

అప్పట్నుంచి అతను పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. రాజబాబు దగ్గరికి వెళ్ళి చెరువు ఆపమని బతిమాలాడు. రాజబాబు కుర్చీ వేసి, బోండాం కొట్టించి, "లీజు ఇంకా మూడేళ్ళుందండి, మధ్యలో ఆపితే నేను మునిగిపోతానండి" అన్నాడు. బోండాంలోనూ తాతబ్బాయికి ఉప్పే తగిలింది. నీళ్ళు సీసాలో పట్టుకుని అమలాపురం బస్సెక్కి పరీక్షకిచ్చాడు. తాగడానికి పనికిరావని కాగితం వచ్చింది. ఆ కాగితాన్ని ఫోటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ముగ్గురు దణ్ణాల బొమ్మలు పెట్టారు, ఒకాయన గుడ్ మార్నింగ్ పెట్టాడు. వాళ్ళకేం, వచ్చే రెండు రోజులకీ టిన్ను నీళ్ళు తెప్పించుకుంటారు.

ఏమీ తోచక ఒకరోజు మోటారు పెట్టి బావి నీళ్ళన్నీ తోడించేశాడు, ఎక్కడో అడుగున తియ్యటి ఊట ఉండకపోతుందా అని. అలా తోడితే ఉప్పు ఇంకా ఎగదన్నుకొస్తుందని లాకుల మీద పనిచేసినవాడికి ఒకరు చెప్పాలా? తెలిసే తోడించాడు. మనిషి మునిగిపోయేటప్పుడు గడ్డిపోచనైనా పట్టుకుంటాడు. మర్నాటికి ఊరిన నీళ్ళు ముందటికన్నా ఉప్పగా ఉన్నాయి.

ఆఖరికి అందరికీ పేరుపేరునా ఫోన్లు చేసి, రెండో శనివారం నాడు ప్రత్యేకంగా మీటింగు పెట్టించాడు. తనతో కలిపి పద్దెనిమిదిమంది వచ్చారు. ఈసారి కడుపులో ఉన్నదంతా కక్కేస్తానని పద్మావతితో చెప్పి మరీ వెళ్ళాడు. ఆవిడ చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది.

నిజంగానే చెప్పాడు. బావి సంగతి, సత్తియ్య చేను, పీతల బొరియలు, షీటు, పేటలో నలభై ఇళ్ళు. చెరువు ఈ నెలలోనే ఎండగట్టేయాలని చెప్పాడు.

శ్యామ్ బాబు గారు ఓపిగ్గా విన్నారు. విని, "ఇదంతా నీకు ముందే తెలుసా తాతబ్బాయ్?" అన్నారు. సెక్రటరీ గారు పోయి తాతబ్బాయి మిగిలాడు.

"ఆయ్, తెలుసండి."

"మరి ఆ రోజు అడిగితే చెప్పలేదేం? నేను పుస్తకాల్లో చదువుకున్నవాణ్ణి, నువ్వు నీళ్ళల్లో ఉన్నవాడివి. నువ్వు వద్దంటే నేను ఆపేసేవాణ్ణి కదయ్యా."

ఆయన ఎకసెక్కానికి అనలేదు. అదే తాతబ్బాయిని చంపేసింది. ఆయన తిట్టినా, కసిరినా, తన భయానికి ఓ అర్థముందని సర్దిచెప్పుకునేవాడు.

తరవాత మీటింగు దాని దారిన అది నడిచింది. లీజు తెంచితే గొడవలొస్తాయన్నారు. విల్లాలకి ఆర్వో ప్లాంటు పెడదామన్నారు. బావి ఎలాగూ పాడయింది, పిల్లలు పడితే మన పీకలకి చుట్టుకుంటుంది, పైన శ్లాబు వేసేద్దామన్నారు. తోట ఇచ్చినప్పుడు తాను పెట్టిన షరతు సంగతి, పేట వాళ్ళ సంగతి తాతబ్బాయి అడిగాడు. షరతు కట్టినవాళ్ళతో చేసుకున్నది, పేట సంగతి పంచాయతీ చూసుకోవాలి గానీ సంఘం కాదన్నారు. చేతులెత్తమంటే పదిహేడు చేతులు లేచాయి. తాతబ్బాయి చెయ్యి ఒక్కటే లేవలేదు. దాంతో ఆగేదేమీ లేదు. తీర్మానం పుస్తకంలో రాయవలసింది మాత్రం సెక్రటరీయే. రాశాడు.

సోమవారం పొద్దున్న సలోమి వచ్చింది. దారులూడ్చి, అంట్లకైనా పనికొస్తాయని ఎప్పట్లా బిందెలు పట్టుకుని బావి దగ్గరికి రాబోతుంటే తాతబ్బాయి ఎదురెళ్ళి చెప్పాడు. బావి మూసేస్తున్నారని, రేపట్నుంచి మేస్త్రి పనిలోకి దిగుతాడని.

సలోమి ఆశ్చర్యపోలేదు. "ఆ చెరువు తవ్వినప్పుడే మా అమ్మ అందండి, ఇంక ఈ బావి మనకి లేదని. మీకు తెలీదేమో పాపం అనుకున్నాం. తెలిస్తే మీరు ఊరుకోరు కదా" అంది.

ఆ మాటకి తల ఊపేసి లోపలికి వెళ్ళిపోవచ్చు. సలోమికి ఎప్పటికీ తెలిసేది కాదు. తాతబ్బాయి బావిగట్టు పట్టుకున్నాడు.

"తెలుసమ్మా. తెలిసే సంతకం పెట్టాను. ఇంజినీరు గారి మాటకి ఎదురు చెప్పలేకపోయాను" అన్నాడు.

సలోమి బిందెలు కిందపెట్టింది. తరవాత కోపమేమీ లేకుండానే అడిగింది.

"ఆయనకి చెప్పలేకపోతే పోయేరండి. మాకు చెప్పొచ్చు కదా. నలభై ఇళ్ళవాళ్ళం వచ్చి పొక్లెయినుకి అడ్డం పడుకునేవాళ్ళం కదండీ. మీ పేరు కూడా బయటికొచ్చేది కాదు."

ఇన్నాళ్ళూ తాతబ్బాయి నిద్ర మాని ఆ మీటింగునే తలుచుకున్నాడు, ఇంజినీరు గారికి ఏ మాట చెప్పాల్సిందా అని వెయ్యిసార్లు అనుకున్నాడు. పేటలోకి నడిచెళ్ళి ఒక్క మాట చెబితే సరిపోయేదన్న ఆలోచన ఈ క్షణం దాకా అతనికి తట్టలేదు. పేట ఆ బావికి నూరడుగుల దూరం.

సలోమి బిందెలు చంకనెత్తుకుని, మైలు దూరంలో ఉన్న కాలవ వైపు నడిచింది. తాతబ్బాయి బావిగట్టు వదలకుండా అలాగే నిలబడిపోయాడు.