సాల్మన్ మామ కూర్చున్న ఆదివారం

నిన్న మా చిన్నది అరుగు మీద కూర్చుని పలక మీద బలపం అడ్డంగా లాగింది. కీచుమన్న ఆ చప్పుడుకు మా ఆవిడ చెవులు మూసుకుంది. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఆదివారం మధ్యాహ్నాలు మార్కాపురంలో, మూతబడిన ఒక పలకల కార్ఖానా వరండాలో, పదిమందిమి కలిసి ఇదే చప్పుడు చేసేవాళ్ళం. మాది బొమ్మల సంఘం. దానికి పెద్ద సాల్మన్ మామ. మా పక్కింటాయన, బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడు. చుట్టరికం ఏమీ లేదు, అయినా వీధికంతా మామే.

మా సంఘానికో పద్ధతి ఉండేది. వారానికొకరు మధ్యలో స్టూలు మీద కూర్చోవాలి. మిగతావాళ్ళం మూల విరిగి పక్కన పడేసిన పలకల మీద ఆ మనిషిని గీయాలి. చివర్లో పలకలన్నీ గోడకు ఆనించి పెడితే, కూర్చున్న మనిషి 'ఇదీ నేను' అని ఒకటి తీసుకుంటాడు. తక్కినవి తడిగుడ్డతో తుడిచెయ్యడమే, ఎంత బాగా గీసినా సరే! మొదటి రోజు నేను టైలర్ కరీం భాయ్ ముక్కుతోనే గంటల తరబడి కుస్తీ పట్టాను. మామ వెనక నిలబడి పకపకా నవ్వాడు.

"ముక్కు బాగనే వచ్చిందిరా అల్లుడా. మనిషేడీ?"

"ఇంకా గీయలేదు మామా."

"పలక్కేసి ఏంది అట్ల చూస్తావు? ఆయనకేసి చూడు. ఎట్ల కూచున్నాడు, కాళ్ళు ఎట్ల ఊపుతాన్నాడు చూడు. కిక్కిరిసిన బస్సులో టికెట్ తీసుకోనోడు ఎవడో భుజాలు చూసి కనిపెట్టినోణ్ణి నేను!"

ఆ మాట బొమ్మలకంటే నా ఉద్యోగానికి ఎక్కువ పనికొచ్చింది. నేను బోరు మోటార్లు బాగుచేసే మెకానిక్కుని. పొలంలో అడుగు పెట్టగానే ముందు రైతు ఎలా నిలబడ్డాడో చూడడం అప్పుడే అలవాటైంది. దాన్నిబట్టే పని ఎంత తొందరో తెలిసిపోతుంది.

అందరినీ కూర్చోబెట్టే మామ తాను మాత్రం ఎన్నడూ కూర్చోలేదు. "నా మొహానికి పలకొకటి దండగ" అనేవాడు. గిద్దలూరులో కూతురింటికి మకాం మారుస్తున్నాడని తెలిశాక అందరం పట్టుబట్టాం. సరే, పోయేముందు ఆదివారం కూర్చుంటానన్నాడు. ఆ వారమంతా నేను గాల్లో తేలాను. మామను నేను గీయాలి, ఆయన నా పలకే తీసుకోవాలి. ఇంకో కోరిక లేదు నాకు.

సరిగ్గా ఆ ఆదివారం పొద్దున్నే ఫోను మోగింది. అర్ధవీడు దగ్గర ఒకరి మోటారు కాలిపోయింది, మిరప పూత మీదుంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. మామ ఇంటికి పరిగెత్తాను.

"రేపు పోతానని చెప్పనా మామా?"

"నీకేమన్నా పిచ్చా? పూత రాలిపోతాంటే బొమ్మలేందిరా! పోయిరా పో."

పోయాను. తీరా పోతే, బోరులోంచి పైపులు పైకి లాగే బండి రాలేదు. దానికోసం చూస్తూ కూర్చుంటే మధ్యాహ్నమైంది. అక్కడ వరండాలో మా సంఘం వాళ్ళంతా మామ చుట్టూ చేరి ఉంటారు. ఉక్రోషం పట్టలేక జేబులోని బలపం తీసి, నీళ్ళతొట్టి గోడ మీద మామను గీసేశాను. టికెట్ల సంచి ఇంకా వేలాడుతున్నట్టు ఒక భుజం కిందికి వంచి నిలబడతాడు ఆయన. అలాగే గీశాను. రైతు తల్లి ఎల్లమ్మవ్వ అన్నం తెచ్చి, గోడ దగ్గర టక్కున ఆగిపోయింది.

"ఓయమ్మా! ఈయన మా బస్సు కండక్టరు గదా!"

"నీకు తెలుసా అవ్వా?"

"తెలీకేంది నాయనా? సంతకు పోతాంటే నా మేకపిల్లను సంకనెత్తుకోని టికెట్లు కొట్టినాడు. బస్సంతా ఒకటే నవ్వులు. ఎట్లుండాడు? బాగుండాడా?"

బాగున్నాడని, మా పక్కింట్లోనే ఉంటాడని రెండుసార్లు చెప్పాను. అంత సంతోషం!

బండి వచ్చి, మోటారు బాగుచేసి బిగించి ఇల్లు చేరేసరికి రాత్రయింది. మర్నాడు పొద్దున సంగతి చెప్పగానే మామ ఎగిరి గంతేశాడు. కరీం భాయ్ గీసిన పలక తీసుకున్నాడట, దాన్ని పెట్టెలో సర్దుతున్నవాడు అక్కడే వదిలేసి అర్ధవీడు బస్సెక్కాడు. సాయంత్రం నేను బస్టాండులో కాచుకున్నాను. నచ్చిందో లేదో!

"చూసినావా మామా?"

"యాడిదిరా? తొట్టి పొంగి గోడంతా కడిగేసింది. ముక్కు గూడా మిగల్లా."

నా మొహం వాడిపోయింది. మామ నా వీపు మీద ఒక్కటి చరిచాడు.

"ఏడుస్తావేందిరా? నువ్వు బిగించిన మోటారు ఎట్ల పోస్తాందో! దోసిలి పట్టి కడుపునిండా తాగొచ్చినా. నిన్న నువ్వు వరండాలో నా ముందర కూచోని ఉంటే, ఆ నీళ్ళు యాడివిరా?"

మామ ఇప్పుడు లేడు. ఆదివారం పనిబడి రోడ్డెక్కాల్సి వస్తే ఇప్పటికీ గొణుక్కుంటూనే పోతాను, అది నా గుణం. మోటారు బిగించి, బురద పోయి నీళ్ళు తేరుకున్నాక మాత్రం దోసిలి పట్టి తాగకుండా పొలం దాటను.

"దాహమా అన్నా?" అంటారు రైతులు.

"లేదు, ఎట్లున్నాయని మా మామ అడుగుతాడు" అంటాను.