పేజీ పట్టుకునే మనిషి

మా బాబాయి సైకిళ్లు బాగుచేస్తాడు. ఇరవై ఆరేళ్లుగా, రిపేర్లు బొమ్మలేసి చూపించే ఒకే సైకిల్ పత్రిక తెప్పించుకుంటున్నాడు. దాని కుట్టు ఎంత బిగువంటే, తెరిచి బల్ల మీద పెడితే చటుక్కున మూసుకుపోతుంది. ఈ సంవత్సరం చందా ఫారం నింపుతుంటే నాకు ఒళ్లు మండింది.

“ఇంకో పత్రిక ఉంది బాబాయ్. తెరిస్తే తెరిచినట్టే ఉంటుంది. నీ రెండు చేతులూ చక్రం మీదుంటే ఈ మొండిదాన్ని ఎవరు పట్టుకుంటారు?”

“మీ పిన్ని పట్టుకునేది. అందుకే కదా నేను దీనికి చందా కట్టింది” అన్నాడు, స్పోకులు బిగిస్తూ.

నిజమే. పిన్ని పక్కనే స్టూలేసుకుని, పేజీ తెరిచి పట్టుకుని, “బొమ్మలో ఉన్నట్టు చెయ్యి, నీ సొంత తెలివి చూపించకు” అని కసురుతుండేది. ఆ తిట్లు వినడానికి బాబాయి కావాలనే ఒక తప్పు స్పోకు పట్టుకునేవాడు. పిన్ని పోయి రెండేళ్లయింది.

“మరి ఈసారి ఏది రాయమంటావు?” అన్నాను, గొంతు తగ్గించి.

“అదే రాయి” అంటూ స్టూలును కాలితో నా వైపు తోశాడు. “రాశాక ఇటొచ్చి కూర్చో. పన్నెండో పేజీ.”

కూర్చుని పేజీ తెరిచి పట్టుకున్నాను. బాబాయి బొమ్మ వైపు ఒకసారి చూసి, తప్పు స్పోకు పట్టుకున్నాడు.